క్రూయిజ్ టిప్స్: షిప్పెక్కితే రోజూ టిప్పు.. కట్టాల్సిందేనా? జూబ్లీహిల్స్ రెస్టారెంట్‌లో 'వద్దు' అనే హక్కు సముద్రంలో పనిచేస్తుందా?

టికెట్ డబ్బులు కట్టేశారు. ఫ్లైట్ అయిపోయింది, వీసా అయిపోయింది. ఇక తిన్నంత తిండి, చూసినంత సముద్రం.. అన్నీ ప్యాకేజీలోనే కదా అనుకుంటాం. కానీ చివరి రోజు రాత్రి క్యాబిన్‌లో టీవీ ఆన్ చేసి అకౌంట్ చూస్తే కళ్లు తిరుగుతాయి!

మా ఎడిటింగ్ సెక్షన్‌లో ఒక అన్నకు సరిగ్గా ఇదే జరిగింది. నాన్న షష్టిపూర్తి కదా అని అమ్మానాన్నల్ని, భార్యని తీసుకుని సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లాడు. ఏడాదిన్నర పాటు నెలనెలా పక్కన పెట్టిన డబ్బులవి. ఏజెంట్ 'ఆల్ ఇంక్లూజివ్ సార్' అన్నాడు. తీరా చివరి రాత్రి చూస్తే 'గ్రాట్యుటీ' పేరుతో మనిషికి రోజుకు 18 డాలర్లు పడ్డాయి. నలుగురికి నాలుగు రోజులకు 288 డాలర్లు. మన లెక్కలో 25 వేల పైమాటే.

"తీసేయమని అడుగుదామని కౌంటర్‌కు పోయిన తమ్మీ. లైన్‌ల నిలబడ్డ. నా వంతు వచ్చేసరికి మా నాన్నకు రోజూ పెరుగన్నం అడిగి మరీ తెచ్చిన పిల్లగాడు గుర్తొచ్చిండు. నోరు రాలే" అన్నాడు.

"మరి ఏజెంట్‌ను ఏమీ అనలేదా అన్నా?" అని అడిగా.

"ఏమంటా? కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఉందట. చదువుకోకపోవుడు నా తప్పట" అన్నాడు.

ఈ ఒక్క సంఘటనలోనే రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, అడక్కుండా టిప్పు వేయడం కరెక్టేనా? రెండు, దాన్ని తీసేయిస్తే నష్టపోయేది ఎవరు? అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి అటు నుంచి క్రూయిజ్ ఎక్కే పేరెంట్స్, సింగపూర్ ప్యాకేజీ తీసుకునే ఫ్యామిలీస్, వైజాగ్ నుంచి షిప్పెక్కాలనుకునే వాళ్లు.. అందరూ తెలుసుకోవాల్సిన విషయమిది.

మనకు తెలిసిన గ్రాట్యుటీ వేరు!

అసలు కన్‌ఫ్యూజన్ పేరు దగ్గరే మొదలవుతుంది. మన దగ్గర గ్రాట్యుటీ అంటే ఉద్యోగం మానేసేటప్పుడో, రిటైర్ అయ్యేటప్పుడో కంపెనీ ఇచ్చే డబ్బు. దానికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. అది యజమాని ఇవ్వాలి, ఉద్యోగి తీసుకోవాలి.

షిప్పులో గ్రాట్యుటీ అంటే పూర్తిగా వేరు. సింపుల్‌గా చెప్పాలంటే టిప్పు. హైదరాబాద్ భాషలో బక్షీస్. కాకపోతే ఇది మనం జేబులోంచి తీసి ఇచ్చేది కాదు. కంపెనీయే రోజుకు ఇంత అని లెక్కగట్టి మన అకౌంట్లో రాసేస్తుంది. ఇక్కడ ఇచ్చేది మనం, తీసుకునేది సిబ్బంది, మధ్యలో లెక్క రాసేది కంపెనీ.

ఇదివరకు పద్ధతి వేరేలా ఉండేది. ఆఖరి రాత్రి క్యాబిన్‌లో చిన్న కవర్లు పెట్టేవారు. రూమ్ శుభ్రం చేసిన వాళ్లకు ఒకటి, భోజనం వడ్డించిన వాళ్లకు ఒకటి. ఇష్టం ఉన్నంత పెట్టి చేతికి ఇచ్చేవాళ్లు. షిప్పులు పెద్దవయ్యాయి, వేల మంది ఎక్కడం మొదలైంది, రోజుకో చోట తినే వీలొచ్చింది. దాంతో కవర్ పోయి ఆటోమేటిక్ చార్జీ వచ్చింది.

ఎంత పడుతుంది? లెక్క చూద్దాం

కంపెనీని బట్టి, క్యాబిన్‌ను బట్టి రేటు మారుతుంది. రాయల్ కరీబియన్‌లో మామూలు క్యాబిన్‌కు మనిషికి రోజుకు 18.50 డాలర్లు, సూట్‌కు 21 డాలర్ల వరకు ఉంది. నార్వీజియన్ కంపెనీ 2023లో మామూలు క్యాబిన్లకు 20 డాలర్లు చేసింది. కార్నివాల్ అదే ఏడాది ఏప్రిల్‌లో 16 డాలర్లకు పెంచింది. ఈ రేట్లు ఏడాదికో రెండేళ్లకో పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి బుక్ చేసే రోజున కంపెనీ సైట్‌లోనే చూసుకోవాలి.

ఇప్పుడు ఒక ఫ్యామిలీ లెక్క వేద్దాం. హ్యూస్టన్‌లో ఉండే కూతురు, అల్లుడు, ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్న. మొత్తం నలుగురు. గాల్వెస్టన్ పోర్టు నుంచి ఏడు రాత్రుల ట్రిప్. రోజుకు 18.50 చొప్పున నలుగురికి 74 డాలర్లు. ఏడు రోజులకు 518 డాలర్లు. డాలర్ 88 రూపాయల లెక్కన చూసినా 45 వేల 500 దాటుతుంది. ఇది టికెట్ కాదు, షాపింగ్ కాదు, అచ్చంగా టిప్పు!

పిల్లలకు కూడా పడుతుందా? చాలామందికి ఉండే డౌట్ ఇది. చాలా కంపెనీల్లో పడుతుంది. కార్నివాల్‌లో రెండేళ్ల లోపు పిల్లలకు వేయరు. నార్వీజియన్‌లో మూడేళ్ల లోపు వాళ్లకు ఉండదు. రాయల్ కరీబియన్‌లో వయసుతో సంబంధం లేకుండా అందరికీ లెక్కేస్తారు. అంటే చంకలో ఉన్న పాపకు కూడా టిప్పు కట్టాలన్నమాట.

డబుల్ టిప్పు.. ఇక్కడే దొరికిపోతారు

రోజువారీ చార్జీతో అయిపోలేదు. కూల్‌డ్రింకు, కాఫీ, మద్యం, స్పా, స్పెషల్ రెస్టారెంట్.. విడిగా కొన్నవాటి మీద మళ్లీ శాతం లెక్కన సర్వీస్ చార్జీ ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో ఇది 18 శాతం, నార్వీజియన్‌లో 20 శాతం. అంటే పది డాలర్ల డ్రింక్ తీసుకుంటే బిల్లు దాదాపు 12 డాలర్లు.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. సంతకం పెట్టమని ఇచ్చే స్లిప్పులో 'అదనపు టిప్' అని ఒక ఖాళీ గీత ఉంటుంది. కొత్తగా వెళ్లిన వాళ్లు ఖాళీగా వదిలేస్తే బాగోదేమో అని మొహమాటంతో ఏదో ఒకటి రాసేస్తారు. పైన 18 శాతం వేసేశారు కదా! కింద రాసింది రెండో టిప్పు. ఖాళీగా వదిలేసి సంతకం పెడితే ఎవరూ ఏమీ అనరు.

ఇంకో పోటు కార్డుది. చివర్లో బిల్లు మన ఇండియన్ క్రెడిట్ కార్డు మీద పడితే ఫారిన్ కరెన్సీ మార్కప్ పడుతుంది. చాలా కార్డుల్లో ఇది 3.5 శాతం వరకు ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. టిప్పు మీద కూడా బ్యాంకుకు కమీషన్ కట్టినట్టే.

ఇంతకీ ఈ డబ్బు ఎవరికి?

కంపెనీలు చెప్పే ప్రకారం క్యాబిన్ శుభ్రం చేసే స్టీవార్డులకు, డైనింగ్ హాల్‌లో వడ్డించే వాళ్లకు, మనకు కనిపించకుండా వెనక పనిచేసే హోటల్ సిబ్బందికి పంచుతారు. లాండ్రీ, కిచెన్ వైపు వాళ్లకు కూడా వాటా ఉంటుంది. ఈ పనుల్లో ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా వాళ్లే ఉంటారు. మన గోవా, ముంబై, కేరళ కుర్రాళ్లు చాలామంది. నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా, వారంలో ఏడు రోజులూ పనిచేసే ఉద్యోగాలివి.

మరి జీతం కంపెనీ ఇవ్వొచ్చు కదా? ఇదే అసలు ప్రశ్న. పెద్ద క్రూయిజ్ కంపెనీల ఆఫీసులు అమెరికాలో ఉన్నా, షిప్పులు చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల జెండా మీద రిజిస్టర్ అయి ఉంటాయి. కాబట్టి అమెరికా కనీస వేతన చట్టం ఆ సిబ్బందికి వర్తించదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం పని గంటలు, విశ్రాంతి, వసతి మీద రూల్స్ పెట్టింది. ఇండియా కూడా 2015లో దీన్ని ఆమోదించింది. కానీ స్టీవార్డు సంపాదనలో టిప్పు వాటా ఎంత ఉండాలన్నది కంపెనీ కాంట్రాక్టుల్లోనే తేలుతుంది.

అమెరికా నేల మీద కూడా కథ దాదాపు ఇంతే. అక్కడ టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు! మిగతాది టిప్పుల్లోంచి రావాలి. టిప్పులతో కలిపినా 7.25 డాలర్లకు చేరకపోతేనే యజమాని తేడా కట్టాలి. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ ఇస్తున్నా, టిప్పు అంటే జీతంలో భాగమే అనే అలవాటు అక్కడ పాతుకుపోయింది. క్రూయిజ్‌లో మనం చూసేది ఆ అలవాటునే.

ఫిలింనగర్ వాళ్లకు ఈ గొడవ కొత్తేం కాదు

క్రూయిజ్ సంగతి దూరం అనిపిస్తే మన పక్క వీధిలోకే వద్దాం. హీరో రెమ్యూనరేషన్ ఒక లెక్క. ఆయన మేకప్‌మ్యాన్, అసిస్టెంట్, డ్రైవర్.. వీళ్ల జీతం, బేటా, రూమ్ ఖర్చు ఇంకో లెక్క. ఈ రెండో లెక్క ఎవరు కట్టాలి? ప్రొడ్యూసరా, హీరోనా? 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ మాట్లాడుకున్న విషయాల్లో ఇదొకటి. స్టాఫ్ ఖర్చంతా ఆర్టిస్ట్ రెమ్యూనరేషన్‌లోనే కలిపేయాలని అప్పుడు నిర్ణయం తీసుకున్నారు. అంటే ముందు ఒక రేటు చెప్పి, తర్వాత పైన ఇంకోటి వేయొద్దని. క్రూయిజ్ ప్యాసింజర్ అడిగేది కూడా అచ్చంగా అదే!

నాణేనికి రెండో వైపు కార్మికుడు. 2025 ఆగస్టు 4న సినీ కార్మికులు సమ్మెకు దిగారు. 30 శాతం వేతనాలు పెంచాలన్నది డిమాండ్. 18 రోజులు షూటింగులు ఆగాయి. చివరికి ప్రభుత్వం జోక్యంతో ఆగస్టు 21న ఒప్పందం కుదిరింది. రోజుకు 2 వేల లోపు వేతనం ఉన్నవాళ్లకు మూడేళ్లలో 22.5 శాతం పెంపు. మొదటి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5 శాతం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మ్యాన్ తన జీతం కోసం ఫెడరేషన్ ద్వారా నిర్మాతతో కొట్లాడతాడు. ప్రేక్షకుడి దయ మీద బతకడు. థియేటర్ టికెట్ కొన్నాక 'లైట్‌మ్యాన్‌కు రోజుకు ఇంత' అని మన మీద వేయరు. షిప్పులో స్టీవార్డు జీతం మాత్రం సగం ప్యాసింజర్ మంచితనం మీద ఆధారపడేలా తయారుచేశారు. గొడవ వస్తే అది కంపెనీకీ ఉద్యోగికీ మధ్య రాదు. ఉద్యోగికీ మనకూ మధ్య వస్తుంది. మా అన్న కౌంటర్ దగ్గర నోరు మెదపలేకపోయింది అందుకే.

జూబ్లీహిల్స్ రెస్టారెంట్‌లో అయితే..

రోడ్ నెంబర్ 36లోనో, 45లోనో ఏదైనా రెస్టారెంట్‌లో కూర్చుని తింటే రూల్ చాలా క్లియర్. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న గైడ్‌లైన్స్ ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జీని వాటంతటవే కలపకూడదు. పేరు మార్చి కూడా వసూలు చేయకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వం అనకూడదు. సర్వీస్ చార్జీని కలిపి, దాని మీద జీఎస్టీ వేయకూడదు.

హోటల్ సంఘాలు కోర్టుకు వెళ్లడంతో అదే నెలలో స్టే వచ్చింది. దాదాపు మూడేళ్ల తర్వాత, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ గైడ్‌లైన్స్ సరైనవేనని తీర్పు ఇచ్చింది. తప్పనిసరి సర్వీస్ చార్జీ చట్ట విరుద్ధమని చెప్పింది. పిటిషన్ వేసిన రెండు సంఘాలకూ లక్ష రూపాయల చొప్పున ఖర్చులు విధించింది. సంఘాలు దీనిపై అప్పీలుకు వెళ్లాయి.

ఇక్కడ ఒకటి మర్చిపోవద్దు. ఈ తీర్పు టిప్పు ఇవ్వొద్దని చెప్పలేదు. కస్టమర్ తనకు తానుగా ఇవ్వడంలో తప్పేమీ లేదు. అడక్కుండా బిల్లులో కలపడమే తప్పు. బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. తీయకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

మరి షిప్పులో ఈ రూల్ చెల్లుతుందా?

చెల్లుతుందని ఆశపడితే ఇబ్బంది పడతారు. సీసీపీఏ గైడ్‌లైన్స్ హోటళ్లు, రెస్టారెంట్ల గురించి. మయామీలోనో సింగపూర్‌లోనో బయల్దేరే విదేశీ షిప్పులో మీరు ఒప్పుకున్న టికెట్ కాంట్రాక్టే నడుస్తుంది. అందులో గ్రాట్యుటీ సంగతి రాసి ఉంటుంది.

కానీ చేతులు కట్టేసినట్టు కాదు. టికెట్ అమ్మింది ఎక్కడ? ఇక్కడే కదా! హైదరాబాద్‌లో ఏజెంటో, ఇండియాలో నడిచే సైటో అమ్మితే మన వినియోగదారుల చట్టం వాళ్లకు వర్తిస్తుంది. సీసీపీఏ 2023 నవంబర్ 30న 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్'ను నిషేధించింది. ముందు తక్కువ రేటు చూపించి, చివర్లో ఒక్కొక్కటీ కలుపుతూ పోవడం వాటిలో ఒకటి. మనం పెట్టకుండానే కార్ట్‌లో ఏదో ఒకటి చేర్చడం ఇంకోటి.

ఏజెంట్ 'అన్నీ కలిపే' అని చెప్పి మోసం చేశాడని ఆధారం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అయితే ఆధారం కావాలి. అందుకే ఫోన్‌లో చెప్పిన మాటను వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. మా అన్న దగ్గర లేనిది అదే.

తీసేయించుకోవచ్చా? తీసేయాలా?

తీసేయించుకోవచ్చా అంటే.. చాలా కంపెనీల్లో వీలుంది. షిప్పు దిగకముందే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి తగ్గించమనో, తీసేయమనో అడగాలి. దిగిపోయాక అడిగితే కష్టం. కొన్ని కంపెనీలు, కొన్ని దేశాల బుకింగుల్లో మాత్రం దీన్ని 'హోటల్ సర్వీస్ చార్జ్' పేరుతో తప్పనిసరి చేశారు. అక్కడ అడిగినా తీయరు. బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి.

తీసేయాలా అన్నది వేరే ప్రశ్న. సర్వీసు నిజంగా బాగోలేకపోతే.. రూమ్ శుభ్రం చేయలేదు, రెండు సార్లు చెప్పినా పట్టించుకోలేదు.. అప్పుడు తగ్గించమనడంలో తప్పు లేదు. అసలు సమస్య వచ్చిన రోజే కౌంటర్‌లో చెప్పడం ఇంకా మంచిది. సరి చేసే అవకాశం వాళ్లకూ ఉంటుంది.

కానీ ఏజెంట్ మీద కోపంతోనో, బడ్జెట్ దాటిందనో తీసేస్తే ఆ దెబ్బ పడేది పెరుగన్నం తెచ్చిన కుర్రాడి మీద. కంపెనీ మీద కాదు, ఏజెంట్ మీద అసలే కాదు. 'తీసేసి, మనకు నచ్చిన వాళ్లకు చేతిలో పెడతాం' అంటారు కొందరు. అప్పుడు కంటికి కనిపించిన వాళ్లకే అందుతుంది. కింద అంతస్తులో దుప్పట్లు ఉతికిన వాళ్లకు, గిన్నెలు తోమిన వాళ్లకు ఏమీ పోదు.

అన్నిచోట్లా ఇలాగే ఉండాలనేం లేదు. బ్రిటన్‌లో పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో రోజువారీ టిప్పు చార్జీని ఎత్తేసి టికెట్ రేటులోనే కలిపేసింది. కంపెనీ తలుచుకుంటే చేయొచ్చని దీన్నిబట్టే అర్థమవుతోంది.

వైజాగ్ నుంచి ఎక్కితే?

2022 జూన్ 8న కార్డేలియా కంపెనీ 'ఎంప్రెస్' షిప్పు వైజాగ్ నుంచి బయల్దేరినప్పుడు మనోళ్లు ఎంత హడావుడి చేశారో గుర్తుందిగా! ఆ షిప్పు 1990 నాటిది. అంతకుముందు రాయల్ కరీబియన్‌లో తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో వైజాగ్‌లో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది.

దేశీ క్రూయిజ్ అయితే రూపాయల్లోనే బుకింగ్ కాబట్టి లెక్క కాస్త తేలిక. కానీ యాడ్‌లో కనిపించే రేటుకు, చివరికి కట్టే రేటుకు తేడా ఇక్కడా ఉంటుంది. బేసిక్ రేటు మీద సర్వీస్ చార్జీలు, పోర్టు లెవీలు, జీఎస్టీ కలుస్తాయి. చూడాల్సింది పోస్టర్ మీది రేటు కాదు, ఆఖరి పేజీలో మొత్తం.

బుక్ చేసే ముందు ఇవి అడగండి

1. గ్రాట్యుటీ టికెట్‌లో కలిసిందా, లేదా? లేకపోతే మనిషికి రోజుకు ఎంత?
2. పిల్లలకు కూడా ఉందా? ఏ వయసు నుంచి?
3. ముందే ఇక్కడ కట్టేయొచ్చా? రేటు పెరిగేలోపు కట్టేస్తే చాలాసార్లు పాత రేటే వర్తిస్తుంది.
4. షిప్పులో తగ్గించుకునే వీలుందా, తప్పనిసరా?
5. డ్రింక్స్ ప్యాకేజీ రేటులో సర్వీస్ చార్జీ కలిసిందా, పైన పడుతుందా?
6. పై జవాబులన్నీ మెయిల్‌లో పంపుతారా?

ఆరో దానికి 'అవసరం లేదు సార్, మాది గ్యారంటీ' అంటే మాత్రం ఇంకో ఏజెంట్‌ను చూసుకోవడమే బెటర్.

షిప్పెక్కాక ప్రతి రెండు రోజులకోసారి క్యాబిన్ టీవీలోనో, యాప్‌లోనో అకౌంట్ చూసుకోండి. తప్పు పడితే అప్పుడే అడగొచ్చు. ఆఖరి రోజు పొద్దున కౌంటర్ ముందు లైన్ మన చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లా ఉంటుంది.

మా అన్న వచ్చే ఏడాది అత్తామామల్ని తీసుకెళ్దామని చూస్తున్నాడు. ఈసారి టిప్పు డబ్బులు కూడా మొదటి నెల నుంచే పక్కన పెడుతున్నాడట. "ఇచ్చుడు కష్టం కాదు తమ్మీ. ముందే చెప్పి ఉంటే నేనే ఇంకో నూరు ఎక్కువిచ్చేటోణ్ని" అన్నాడు.